ముక్కలు వచ్చు, వాక్యం రాదు

సోమవారం ఉదయం ఆఖరి పాట మొదలవగానే రేడియో అక్క హెడ్‌ఫోన్ మెడ మీదికి జార్చుకుని, మంచినీళ్ల సీసా మూత తీసింది. ఒక్క గుక్క తాగిందో లేదో, అద్దం అవతల నుంచి బాబాయి వేలితో పై అంతస్తు చూపించాడు. స్టేషన్ హెడ్డుగారు పిలుస్తున్నారని అర్థం. పిలవడంలో వింతేమీ లేదు. బాబాయి మొహంలో ఎప్పుడూ ఉండే వెటకారం ఇవాళ లేకపోవడమే వింత.

రేడియో అక్క అనేది శ్రోతలు పెట్టిన పేరు. పదిహేడేళ్లుగా రోజూ ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆ గొంతు వింటూ పళ్లు తోముకున్నవాళ్లు, పిల్లలకు జడలు వేసినవాళ్లు, దుకాణాల షట్టర్లు ఎత్తినవాళ్లు ఆమెను అలాగే పిలుస్తారు. స్టేషన్‌లోనూ అదే ఖాయమైపోయింది. సౌండు బల్ల దగ్గర కూర్చుని మీటలు నడిపే బాబాయి ఆమె కన్నా రెండేళ్లే పెద్ద. అయినా ఆయన అందరికీ బాబాయే, ఆమె అందరికీ అక్కే.

హెడ్డుగారు మర్యాదస్తుడు. నలభై నిండని మనిషి. గదిలోకి ఎవరొచ్చినా లేచి నిలబడతాడు. ఇవాళా లేచాడు, కుర్చీ చూపించాడు, ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఏ ప్రోగ్రాం ఎంతమంది వింటున్నారో చూపే రంగురంగుల స్తంభాలున్నాయి. ఒకటి మరీ పొట్టిగా ఉంది. అది తనదేనని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

"మీ ప్రోగ్రాం అంటే మా అమ్మకి ప్రాణం మేడమ్," అన్నాడు. "అదే ప్రాబ్లం."

"అమ్మగారికి ఏమైందండీ?"

"ఆవిడకేం, నిక్షేపంలా ఉంది. వినేవాళ్లందరూ ఆవిడ వయసు వాళ్లే ఉన్నారు, అదీ బాధ. సర్వేలో తేలింది. అచ్చంగా తెలుగు వినపడితే కుర్రకారు స్టేషన్ మార్చేస్తున్నారు. వందలో అరవై మాటలన్నా ఇంగ్లీషు పడాలి. మొత్తం ఇంగ్లీషు అక్కర్లేదు. కలిపి. మనం బయట ఎలా మాట్లాడుకుంటామో అలా."

"నేను బయట కూడా ఇలాగే మాట్లాడతానండీ."

ఆమె హాస్యమాడిందనుకుని అతను నవ్వాడు. నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పాడు. రేపట్నుంచి ఉదయం ప్రోగ్రాంలో ఇద్దరుంటారు. సాయంత్రం ప్రోగ్రాం చేసే వసపిట్ట ఉదయానికి వస్తాడు. ముందుండి నడిపించేది అతనే. "మీరు సపోర్ట్, మేడమ్."

మెట్లు దిగుతూ ఆమె ఆ మాటను నోట్లో అటూ ఇటూ దొర్లించుకుంది. సపోర్ట్. వాలిపోయే తీగకు పాతే కర్రను కూడా అదే మాటతో అంటారు.

ఆమెకు ఇంగ్లీషు రాదని కాదు. ఇంగ్లీషులో ఎమ్మే చేసింది. బస్సులో వస్తూ పోతూ ఇంగ్లీషు నవలలు, అట్టలు ఊడిపోయినవి, ఒళ్లో పెట్టుకుని చదువుతుంది. రెండు భాషలూ ఆమెకు నిండుగా వచ్చు. రెంటినీ చెరిసగం చేసి మాట్లాడటమే రాదు. ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ ప్రయత్నించింది. "గుడ్ మార్నింగ్ శ్రోతలూ! టుడే వాతావరణం చాలా ప్లెజెంట్‌గా..." అని ఆగిపోయింది.

కళ్లజోళ్ల దుకాణం కట్టేసి అప్పుడే వచ్చిన భర్త గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఏమే, ఒంట్లో బాగానే ఉందా? నీ తెలుగుకి జ్వరం తగిలినట్టుందే," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

మంగళవారం ఏడు కావడానికి ఇరవై నిమిషాల ముందే వసపిట్ట స్టూడియోలో ఉన్నాడు. సన్నగా పొడుగ్గా, ఇరవై ఎనిమిదేళ్లవాడు. నోరు తెరిస్తే గుక్క తిప్పుకోడు కాబట్టి బాబాయి ఆ పేరు పెట్టాడు. శ్రోతలకు అది ఎంతగా నచ్చిందంటే రేడియోలో అతనికి అదే పేరైపోయింది. ఆమెను చూడగానే లేచి, ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీ ఖాళీ చేసి, గోడ పక్కనున్న రెండోది లాక్కున్నాడు.

"అందులోనే కూర్చో బాబూ. నడిపించేది నువ్వేగా," అంది.

"నేనేం నడిపిస్తానక్కా. నువ్వు కూర్చో. నా నడుముకి ఆ కుర్చీ పడదు."

ఎర్రదీపం వెలిగింది. అతను మైకుకు నాలుగు వేళ్ల దూరంలోకి వంగి వదిలాడు: "హలో హలో హలో! గుడ్ మార్నింగ్ అండీ, హ్యాపీ ట్యూస్‌డే, బద్ధకమంతా బ్యాగ్‌లో సర్దేసి డస్ట్‌బిన్‌లో పడేయండి, బికాజ్ మీ వసపిట్ట ఈజ్ హియర్, అండ్ గెస్ వాట్, నా పక్కన ఎవరున్నారో తెలుసా, ద వన్ అండ్ ఓన్లీ, రేడియో అక్క!" అని ఆమెకు అందించాడు.

ఆమె మైకు దగ్గరికి జరిగింది. "గుడ్ మార్నింగ్," అంది. తర్వాతి మాట ఏ భాషలో రావాలో తేల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. రేడియోలో ఒక్క క్షణం అంటే చాలా ఎక్కువ. "మార్నింగ్... ఉదయం చాలా ఫ్రెష్‌గా, ఆహ్లాదకరంగా ఉంది." ఎవరివో చెప్పులు వేసుకుని నడిచినట్టుంది ఆమెకు. అద్దం అవతల బాబాయి తల వంచుకుని, ఏ అవసరమూ లేకుండా ఒక మీటను పైకీ కిందికీ జరిపాడు.

ఆ రెండు గంటల్లో వసపిట్ట ఆమె తడబడిన ప్రతిచోటా మాట అందుకున్నాడు. వెక్కిరించలేదు. తన జోకులకు తనే నవ్వుతున్నట్టు నవ్వి ఖాళీలన్నీ నింపాడు. తొమ్మిదింటికి ఆమె ఫోనుకు హెడ్డుగారి సందేశం వచ్చింది: ఇంగ్లీషు ఇరవై రెండు శాతం, పెంచాలి.

"చూపించక్కా," అని వసపిట్ట ఆ సందేశం చదివి, చొక్కా జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట తీశాడు. అట్టముక్కలు కోసి చేసుకున్న చీటీలు. అంచులు నలిగిపోయి ఉన్నాయి. "నాలుగు రోజులు ఇవి దగ్గర పెట్టుకో. వాక్యం నీ తెలుగులోనే చెప్పు. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి అతికించు. అరవై దానంతటదే వచ్చేస్తుంది."

ఆమె తిరగేసింది. 'యాక్చువల్లీ.' 'బై ద వే.' 'గెస్ వాట్.' 'హౌ స్వీట్ ఈజ్ దట్.' 'ద వన్ అండ్ ఓన్లీ.' వందకు పైగా ఉన్నాయి. అన్నీ తెలుగు లిపిలో, గుండ్రంగా, పరీక్షకు రాసుకున్నట్టు ఉన్నాయి. ఒక్కో దాని కింద చిన్న అక్షరాలతో ఎప్పుడు వాడాలో రాసి ఉంది. 'ఎవరైనా పిల్లల గురించి చెప్పినప్పుడు.' 'పాట ముందు.' 'ఏమీ తోచనప్పుడు.'

"ఇవన్నీ నువ్వే రాసుకున్నావా?"

"సినిమావాళ్ల ఇంటర్వ్యూలు విని రాసుకున్నానక్కా. చేతిరాత బాగుంది కదా?" అని కట్ట ఆమె చేతిలోనే వదిలేసి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

తన చోటు లాక్కున్న మనిషిని కోపగించుకోవాలనే ఆమె నిన్నటి నుంచి ప్రయత్నిస్తోంది. ఆ చీటీలు చేతిలో ఉండగా అది కుదరలేదు.

బుధవారం మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. గురువారం ఉదయం ఎనిమిదింటికి ప్రత్యేక అతిథి వస్తున్నారు. పసిపిల్లల వినికిడి లోపాలకు వైద్యం చేసే పెద్ద డాక్టరమ్మ, వేరే దేశం నుంచి. ఆ గంట ఖర్చు భరిస్తున్నది ఒక ఆసుపత్రి. మాట్లాడించేది వసపిట్ట.

ఆమె టీ తెచ్చుకుని వెనక మెట్ల మీదికి వెళ్లేసరికి అతను అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వసపిట్ట మాట్లాడకుండా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అక్కా, ఆవిడకి తెలుగు ఒక్క ముక్క కూడా రాదా?"

"వేరే దేశం మనిషికి ఎలా వస్తుంది?"

అతను మోకాళ్ల మధ్య చేతులు ఇరికించుకున్నాడు. "నాకు ముక్కలొచ్చక్కా. వాక్యం రాదు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. 

"మధ్యలో తెలుగుంటే ఎంత దూరమైనా పరిగెత్తుతాను. అటు పక్క మనిషి కూడా ఇంగ్లీషులోనే మాట్లాడితే నాకు గోడ అడ్డం వచ్చినట్టుంటుంది. కొన్ని మాటలు తెలుస్తాయి. అవి పట్టుకుని మిగతాది ఊహించుకుంటాను."

"హెడ్డుగారికి చెప్పేద్దాం పద. నేనూ వస్తాను."

"వద్దక్కా, నీకు దణ్ణం పెడతాను." నిజంగానే చేతులు జోడించాడు. "ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. ఇంగ్లీషు బాగా వచ్చని రాసిచ్చి చేరాను. చెప్పామంటే రేపే పొమ్మంటారు. ఆ ఒక్క గంట ఎలాగోలా గట్టెక్కితే చాలు."

అలా ఇద్దరూ ఆ మెట్ల మీదే కూర్చున్నారు. ఆమె ఎనిమిది ప్రశ్నలు తయారు చేసింది. అతను వాటిని తెలుగు లిపిలో రాసుకున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు లేపాలో ఆమె పలికి చూపిస్తే, గీతలు పెట్టుకుని పదేసి సార్లు అప్పజెప్పాడు. చురుకైన చెవి. రెండు సార్లు వింటే ఆమె ఉచ్చారణ అచ్చు దిగిపోయేది. మూడోసారికి ఆమెకే అనుమానం వచ్చింది, ఇతనికి నిజంగా రాదా అని.

"ఆవిడ జవాబు చెప్పేటప్పుడు తల ఊపుతూ ఉండు. ఆగగానే తర్వాతది అడుగు," అంది.

"ఆగడం మటుకు తెలుస్తుందిలే అక్కా," అన్నాడు.

గురువారం డాక్టరమ్మ పావుగంట ముందే వచ్చింది. తెల్లజుట్టు, మెత్తని గొంతు, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడే అలవాటు. బాబాయి ఆమె మైకు ఎత్తు సరిచేశాడు. పైఅంతస్తులో హెడ్డుగారూ, ఆసుపత్రివాళ్లు ఇద్దరూ స్పీకరు ముందు కూర్చున్నారని చెప్పి వెళ్లాడు. రేడియో అక్క మూడో మైకు దగ్గర కూర్చుంది. ఆమె మైకును తెరిచే మీట బల్ల మీదే, కిందికి దించి ఉంది. అవసరమైతే తనే ఎత్తుకోవచ్చు.

మొదటి ప్రశ్న ముత్యంలా వచ్చింది. డాక్టరమ్మ సంతోషంగా అతని వైపు తిరిగి రెండు నిమిషాలు చెప్పింది. బిడ్డకు వినపడటం లేదని ఇంట్లోవాళ్లు ఎలా కనిపెట్టాలో చెప్పింది, ఎన్నో నెలలో పరీక్ష చేయించాలో కూడా అందులోనే చెప్పేసింది. రెండో ప్రశ్న సరిగ్గా అదే. వసపిట్ట దాన్ని కూడా ముత్యంలా అడిగాడు.

డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. ఇప్పుడే చెప్పానుగా అంటూ మళ్లీ చెప్పింది. తర్వాత, ఈ అబ్బాయి బెరుగ్గా ఉన్నాడనుకుందో ఏమో, చనువుగా అతన్నే అడిగింది: ఇంత చక్కగా మాట్లాడుతున్నావు కదా, చిన్నప్పుడు నీకూ మాటలు ఆలస్యంగా వచ్చాయా?

"యా, యా! డెఫినెట్లీ!" అన్నాడు వసపిట్ట.

ఆవిడ మొహం మారింది. జాలిగా ముందుకు వంగింది. వినికిడి లోపమేనా? మీ అమ్మానాన్నలు ఎలా కనిపెట్టారు?

అతని కళ్లు కాగితం మీదికి వెళ్లాయి. ఎనిమిది ప్రశ్నల్లో దీనికి జవాబు లేదు. పెదాలు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు కదలడం రేడియో అక్కకు స్పష్టంగా కనిపించింది. ఒకటి. రెండు. మూడు. అద్దం అవతల బాబాయి సగం లేచాడు. వసపిట్ట చెయ్యి మెల్లగా పైకి వెళ్లి తన ఎడమ చెవిని పట్టుకుంది. ఆ చెవేనన్నమాట అని డాక్టరమ్మ తలూపింది. రేడియో అక్కకు మాత్రం బడిలో తప్పు చేసి చెవి పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు కనిపించాడు.  నాలుగో సెకనుకు ఆమె వేలు మీటను ఎత్తేసింది.

మా వాడు పుట్టినప్పటి నుంచీ ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు డాక్టర్, మా చెవులకే ఏదైనా వైద్యం చెప్పండి, అంది ఇంగ్లీషులో. డాక్టరమ్మ పకపకా నవ్వింది. తర్వాత ఇక ఎక్కడా ఆగలేదు. ఆవిడ చెప్పినదాన్ని రేడియో అక్క తెలుగులో శ్రోతలకు చెప్పింది, శ్రోతలు అడిగినదాన్ని ఇంగ్లీషులో ఆవిడకు చెప్పింది. ఒక తల్లి ఫోన్ చేసింది. రెండున్నరేళ్ల పాప, వెనక నుంచి పిలిస్తే తిరగదు, పొగరనుకుని నిన్న చెయ్యి చేసుకున్నానండీ అని ఏడ్చింది. ఆ ఏడుపును ఎటూ ఒలకకుండా ఇంగ్లీషులోకి తీసుకెళ్లి, డాక్టరమ్మ ఓదార్పును అంత మెత్తగానూ వెనక్కి తెచ్చింది. రెండు భాషలూ దేనికది నిండుగా, మధ్యలో ఆమె. గంట ఎలా గడిచిందో తెలియలేదు. పదిహేడేళ్లలో అంత ఆనందంగా ఆమె ఎన్నడూ పనిచేయలేదు.

దీపం ఆరగానే హెడ్డుగారు చప్పట్లు కొడుతూ దిగి వచ్చాడు. "ఎక్కడ దాచారు మేడమ్ ఈ ఇంగ్లీషంతా!" వసపిట్ట కూడా చప్పట్లు కొట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పది గంటలకు హెడ్డుగారు మళ్లీ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. సోమవారం నుంచి ఉదయం ప్రోగ్రాం పూర్తిగా ఇంగ్లీషులో. ఆసుపత్రివాళ్లే కోరారు. చేసేది ఆమె ఒక్కతే.

"నిన్న వాళ్లకి నచ్చింది ఇంగ్లీషు కాదండీ. ఆ తల్లి తెలుగులో ఏడ్చింది. నేను తెలుగులో చెప్తేనే ఆమెకు అర్థమైంది."

"వాళ్లకి నచ్చింది మీ ఇంగ్లీషే మేడమ్. నాతో అదే అన్నారు."

"మరి వసపిట్ట?"

అతను పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. "అబద్ధం చెప్పి చేరాడు. నెలాఖరుకి రెన్యూ చేయడం లేదు. నిన్నటితో పైవాళ్లకీ తెలిసిపోయింది."

"అతన్ని తీసేస్తే నేను చేయను."

"చేయకపోతే బయటి నుంచి ఎవరినో తెస్తాం మేడమ్. అతను ఎలాగూ ఉండడు." చాలా నెమ్మదిగా అన్నాడు. బెదిరింపు కాదు. ఉన్న మాట. "నా చేతుల్లో ఏమీ లేదు. మా అమ్మకి ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు."

ఆమె లేచింది. కొట్లాడటానికి ఎదురుగా కనీసం ఒక చెడ్డమనిషైనా ఉంటే బాగుండుననిపించింది.

వసపిట్ట సామాను గదిలో ఉన్నాడు. తన అలమరలోంచి టీ కప్పు, దువ్వెన, హెడ్‌ఫోన్‌కి తొడిగే కొత్త స్పాంజీలు తీసి సంచిలో సర్దుకుంటున్నాడు. బాబాయి తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నెలాఖరు దాకా ఉండొచ్చు కదరా," అంది. ఆమె అతన్ని ఎన్నడూ 'రా' అనలేదు.

"ఉండి ఏం చేయాలక్కా? సాయంత్రం ప్రోగ్రాం కూడా వేరేవాళ్లకి ఇచ్చేశారు, సోమవారం నుంచి నాకు ప్రోగ్రామే లేదు."

"నువ్వు ఆగిపోయేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"తెలుసక్కా." సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంటే వెనక్కి తీసి మళ్లీ లాగాడు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. "బాబాయికి ముందే చెప్పి ఉంచాను. నేను చెవి పట్టుకుంటే మైకు చెడిపోయిందని పాట వేసేయమని. పాట నాలుగు నిమిషాలు. ఈలోపు నీ దగ్గర అడిగి తెలుసుకునేవాణ్ణి."

ఆమె బాబాయి వైపు చూసింది.

"వేలు మీట మీదే ఉంది," అన్నాడు బాబాయి. "నొక్కబోయాను. నీ గొంతు వచ్చేసింది."

ఆ మెట్ల మీద అంతసేపు కూర్చున్నప్పుడు ఈ ఒక్క మాట తనతో ఎందుకు చెప్పలేదని అడగబోయింది. అడగలేదు. చెప్పి ఉంటే ఆగేదా? ఆ నాలుగో సెకనులో తన వేలిని కదిలించింది జాలి ఒక్కటేనా, లేక మూడు రోజులుగా 'సపోర్ట్' అని మూలన కూర్చోబెట్టిన గొంతు కూడా కాస్త తోసిందా? ఎంత వెతికినా ఆమెకే తేలలేదు.

"నువ్వు తప్పు చేయలేదక్కా," అన్నాడు వసపిట్ట. "నిన్న చాలా బాగా చేశావు. నేను అద్దం అవతలికెళ్లి చివరిదాకా విన్నాను. ఆ పాప వాళ్లమ్మ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది." సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా లేకుండా ఇంతసేపు మాట్లాడాడని, అతను మెట్లు దిగిపోయాక గాని ఆమెకు తట్టలేదు.

శని, ఆదివారాలు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆదివారం సాయంత్రం భర్త మాత్రం, "మానేస్తే మానెయ్. ఇల్లు గడవకుండా పోదు," అన్నాడు. ఆమె తలూపింది. మానేయాలనే అనుకుంది కూడా. రాజీనామా కాగితం మనసులో రెండుసార్లు రాసుకుంది, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో. రెండూ బాగానే కుదిరాయి. కానీ పొద్దున్నే ఏడు కొట్టేవేళకి మైకు ముందు లేకపోతే ఆ పూట ఎలా గడుస్తుందో ఆమెకు తెలియదు. సోమవారం ఎప్పటి బస్సుకే వెళ్లింది.

ఎర్రదీపం వెలిగింది. పాత ప్రోగ్రాం ముందు వచ్చే సంగీతం తీసేసి కొత్తది వేశారు. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది. గొంతు వణకలేదు. ఒక్క మాట తడబడలేదు. కార్లలో ఆఫీసులకు వెళ్తున్నవాళ్లు ఇద్దరు ఫోన్ చేసి బాగుందన్నారు. హెడ్డుగారు అద్దం అవతల, బాబాయి వెనక, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఏడూ నలభైకి మూడో ఫోన్. బాబాయి కలిపి, వేలు చూపించాడు. గుడ్ మార్నింగ్, మీరు లైన్లో ఉన్నారు, చెప్పండి, అంది ఆమె ఇంగ్లీషులో.

అటు పక్క గొంతు పెద్దాయనది. వెనక ఎక్కడో కత్తెర ఆడుతున్న చప్పుడు. మంగలి దుకాణమో, దర్జీ దుకాణమో. "అలో... అమ్మా, రేడియో అక్కేనా?"

ఆమె తల ఎత్తింది. అద్దం అవతల ఎవరూ కదల్లేదు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగి, అవును, ఇది రేడియో స్టేషనే, మాట్లాడండి, అంది. ఇంగ్లీషులోనే.

ఫోన్ కొంచెం పక్కకు జరిగింది. అయినా మాట వినిపిస్తూనే ఉంది. "మన అక్క కాదురా. ఎవరో ఇంగ్లీషావిడ ఎత్తింది." మళ్లీ ఫోన్ నోటి దగ్గరికి వచ్చింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. తనకు వచ్చిన నాలుగు మాటలూ కూడదీసుకుని, ఒక్కొక్కటే ఒత్తి పలుకుతూ, ఎంతో మర్యాదగా అన్నాడు.

"సారీ మేడమ్. రాంగ్ నంబర్."